చిన్నపేగులో ఈసినోఫిల్స్ చేరాయట, స్టెరాయిడ్ రాశారు. మొదలుపెట్టే ముందు ఏం చూసుకోవాలి?

వంశధార గట్టు (గుణుపురం):

అందరికీ నమస్కారం. మా ఆయనకి 38 ఏళ్లు, బజార్లో బట్టల కొట్టు. సంక్రాంతి వెళ్లిన దగ్గర్నుంచి అన్నం తిన్న గంటకల్లా బొడ్డు చుట్టూ మెలిపెట్టినట్టు నొప్పి, వాంతులు, నీళ్ల విరేచనాలు. గ్యాస్ అనుకుని ఊళ్లో దొరికే బిళ్లలన్నీ మింగించాం. తర్వాత పొట్ట ఉబ్బడం మొదలైంది, ప్యాంటు హుక్కు పట్టట్లేదని ఆయనే అంటే స్కానింగ్ తీయించాం, లోపల నీరు చేరిందన్నారు. ఒకచోట చూసిన డాక్టరు ఇది టీబీ అయ్యుంటుంది, మందులు మొదలుపెట్టేయండి అన్నారు కానీ మా మరిది ఒప్పుకోక విశాఖ తీసుకెళ్లమని పట్టుబట్టాడు. అక్కడ గ్యాస్ట్రో డాక్టరు సీటీ స్కాన్, ఎండోస్కోపీ చేసి ముక్కలు తీసి పంపారు.

రిపోర్టులు ఇవీ. తెల్లకణాలు 11,400, అందులో ఈసినోఫిల్స్ 28 శాతం. సీటీలో చిన్నపేగు గోడ అక్కడక్కడా మందంగా ఉంది. పొట్టలో నీరు సూదితో తీసి చూస్తే అందులోనూ ఈసినోఫిల్సే నిండి ఉన్నాయట, టీబీ కోసం ఆ నీటికి చేసిన ఏడీఏ అనే పరీక్ష తక్కువే వచ్చింది. బయాప్సీలో డుయోడినమ్ (చిన్నపేగు మొదటి భాగం) ముక్కలో, మైక్రోస్కోపులో కనబడే ఒక్కో ఫీల్డుకి 60కి పైగా ఈసినోఫిల్స్ అని రాశారు. క్యాన్సర్ లేదని రాశారు కాబట్టి ఊపిరి పీల్చుకున్నాం.

ఇప్పుడు ప్రెడ్నిసొలోన్ 40 మిల్లీగ్రాములు రాశారు. చీటీ ఇంట్లోనే ఉంది, ఇంకా మొదలుపెట్టలేదు. స్టెరాయిడ్ అంటే మా అత్తగారు ఒప్పుకోవడం లేదు, ఎముకలు గుల్లయిపోతాయి, ఒకసారి అలవాటైతే మానడం కుదరదు, పథ్యంతోనే తగ్గించుకుందాం అంటున్నారు. డాక్టరు దగ్గర ఐదు నిమిషాలు కూడా దొరకలేదు, బయట అంత జనం. ఇది జీవితాంతం ఉండే జబ్బా? పథ్యం ఒక్కటే సరిపోతుందా? ఇంతకీ ఇది దేనివల్ల వస్తుంది? తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పండి, టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

మజ్జిగౌరి దయ:

చెల్లీ కంగారు పడకు. ఇస్నోఫీలియా మా మావయ్యకి కూడా ఉండేది, రాత్రుళ్లు ఒకటే దగ్గు. హెట్రజాన్ బిళ్లలు వాడి, పొద్దున్నే పసుపు పాలు తాగితే పోయింది. స్టెరాయిడ్ మాత్రం వద్దు.

రాయగడ ప్యాసింజర్:

పైన అన్నయ్య చెప్పింది వేరే జబ్బు. మన వైపు అందరూ ఇస్నోఫీలియా అనే దగ్గు ఫైలేరియా పురుగు మీద ఊపిరితిత్తులు తిరగబడితే వచ్చేది, దానికి ఆ బిళ్లలు పనిచేస్తాయి. ఇక్కడ గొడవ పేగుది. పైగా పసుపు పాలు అన్నారు, ఈ జబ్బులో చాలామందికి పాలే పడవు.

అమ్మా, నాకు ఇదే జబ్బు. బయాప్సీ రిపోర్టులో ఈసినోఫిలిక్ ఎంటరైటిస్ అని రాశారు. నాకు అర్థమైనంతవరకు చెప్తాను. ఈసినోఫిల్స్ అంటే ఒక రకం తెల్లరక్తకణాలు, ఎముకల మూలుగలో తయారవుతాయి, పురుగుల మీద పోరాడటానికి, అలర్జీల్లోనూ పైకి లేస్తాయి. పేగులో కొద్దిగా ఎప్పుడూ ఉంటాయి, ఉండాలి కూడా. అవి మరీ ఎక్కువగా చేరి, వాటిలో ఉండే విష పదార్థాలు వదిలితే గోడ వాచిపోతుంది. ఎందుకు చేరతాయో చాలామందిలో తేల్చి చెప్పలేరు, కానీ ఆస్తమా, తుమ్ములు, చర్మం దద్దుర్లు ఉన్నవాళ్లలో ఎక్కువ చూస్తారు, తిండిలో ఏదో ఒకటి రెచ్చగొట్టడం కూడా మామూలే. బావగారికి చిన్నప్పుడు ఆయాసం గానీ ఉండేదా?

మీ లెక్క చేసి చూడండి. 11,400లో 28 శాతం అంటే దాదాపు 3,200. మామూలుగా 500 దాటకూడదు. ఒక సంగతి, కొంతమందికి రక్తంలో మామూలుగానే ఉండి పేగులో మాత్రం నిండిపోయి ఉంటాయి, అందుకే రక్తపరీక్ష బాగుందని వదిలేయకూడదు, బయాప్సీయే తేలుస్తుంది. పైకి పేగు నున్నగా కనబడినా నాలుగైదు చోట్ల ముక్కలు తియ్యాలి, ఎందుకంటే ఇది మచ్చలు మచ్చలుగా ఉంటుంది, పక్క చోట ఏమీ ఉండకపోవచ్చు. మీవాళ్లు చేశారు, అదృష్టం. నాకైతే మొదటి ఎండోస్కోపీలో పైకి బాగానే ఉందని ముక్క తీయకుండానే పంపేశారు.

ఇందులో మూడు రకాలు, 1970లో క్లైన్ అనే ఆయన, తోటి డాక్టర్లు కలిసి విడగొట్టినవి. లోపలి పొరలో ఉంటే విరేచనాలు, రక్తం తగ్గడం, బరువు తగ్గడం, ప్రోటీన్ కారిపోయి కాళ్లు వాయడం. మధ్య కండరంలో ఉంటే పేగు ఇరుకై వాంతులు, అడ్డం పడటం. బయటి పొరలో ఉంటే పొట్టలో నీరు, రక్తంలో ఈసినోఫిల్స్ బాగా పెరగడం. బావగారిది లోపలిదీ బయటిదీ కలిసి ఉన్నట్టుంది. నీరు చేరే రకానికి స్టెరాయిడ్ బాగా పనిచేస్తుందని మా డాక్టరు అన్నారు. నాది అది కాదు, అయినా వారంలోనే అన్నం అరిగింది. అంతకుముందు రెండు ముద్దలు తింటే చాలు, ప్లాట్‌ఫాం మీద బెంచీ వెతుక్కునేవాణ్ణి.

జీవితాంతమా అన్నారు. 2011లో ఫ్రాన్సు డాక్టర్లు 43 మందిని ఏళ్ల తరబడి గమనించి రాసింది మా డాక్టరు చూపించారు, దాదాపు 42 శాతం మందికి ఒక్కసారి వచ్చి పోయింది, 37 శాతానికి మధ్యలో బాగుంటూ మళ్లీ మళ్లీ వచ్చింది, మిగిలినవాళ్లకి తగ్గకుండా సాగింది. బావగారు ఏ గుంపులో పడతారో ఇప్పుడే ఎవరూ చెప్పలేరు. నేను మధ్య గుంపు. మొదటిసారి డోసు తగ్గించుకుంటూ చివరికి వచ్చేసరికి మళ్లీ మొదలైంది. అప్పటినుంచి బుడెసొనైడ్ మీద ఉన్నాను, అది పేగులో పనిచేసి లివర్ దగ్గరే చాలావరకు కరిగిపోతుంది కాబట్టి ఒంటికి అంత దెబ్బ ఉండదు. ఖర్చు మాత్రం ఎక్కువే.

అత్తమ్మగారి భయంలో అర్థం ఉంది, కాదనను. ఆకలి పెరుగుతుంది, ముఖం ఉబ్బుతుంది, నిద్ర పట్టదు, ఊరికే చిరాకు వస్తుంది, షుగరూ బీపీ పెరగొచ్చు, నెలల తరబడి వాడితే ఎముకలు బలహీనపడతాయి. అందుకే కాల్షియం, విటమిన్ డి కూడా ఇస్తారు. కానీ ఇప్పుడు ఆయన ఉన్న పరిస్థితిలో, తిన్నది నిలవకుండా పొట్టలో నీరు పెట్టుకుని, పథ్యం పేరుతో ఇంకో నెల గడిపితే మనిషి ఎండిపోతాడు.

పర్లాకిమిడి డాక్టరు:

నేను ఎంబీబీఎస్‌నే, గ్యాస్ట్రో స్పెషలిస్టుని కాను. రాయగడ ప్యాసింజర్ చెప్పినవన్నీ దాదాపు సరిగ్గానే ఉన్నాయి, కానీ అందరికంటే ముందు రావాల్సిన ప్రశ్న ఒకటి ఇంకా ఎవరూ వెయ్యలేదు. స్టెరాయిడ్ మొదలుపెట్టకముందు పురుగుల సంగతి చూశారా?

గుణుపురం, రాయగడ, పర్లాకిమిడి, ఇటు పాతపట్నం, టెక్కలి, ఏ ఊరైనా సరే, మనవాళ్లు చెప్పుల్లేకుండా పొలంలోకి, వెనక దొడ్లోకి వెళ్లేవాళ్లే. కొంకిపురుగు, ఏలికపాము, వీటితో ఈసినోఫిల్స్ పెరగడం మామూలు. ఇవన్నీ లేవని తేలాకే ఈసినోఫిలిక్ ఎంటరైటిస్ అనాలి. వీటిలో స్ట్రాంగిలాయిడిస్ అని ఒక చిన్న పురుగు ఉంది, అది అరికాలి చర్మంలోంచి ఎక్కుతుంది, మనిషి లోపలే మళ్లీ మళ్లీ పుడుతూ పదుల ఏళ్లు ఉండిపోగలదు, చాలామందికి ఏ బాధా ఉండదు. అలాంటివాడికి స్టెరాయిడ్ ఇస్తే అది ఒక్కసారిగా పెరిగి పేగు దాటి ఊపిరితిత్తులకి, రక్తానికి పాకొచ్చు. ప్రాణమే పోవచ్చు. నేను అతిగా చెప్పడం లేదు.

ఒక్క మలపరీక్షలో అది దొరక్కపోవచ్చు, వేర్వేరు రోజుల్లో మూడు నమూనాలైనా ఇవ్వాలి. పెద్ద ల్యాబుల్లో రక్తంతో చేసే పరీక్ష కూడా ఉంది. స్కూల్లో పిల్లలకి ఇచ్చే ఆల్బెండజోల్ 400 బిళ్ల ఒక్కటి వేసేశాం కదా అనుకోవద్దు, మిగతా పురుగులకి అది మంచిదే, స్ట్రాంగిలాయిడిస్‌కి మాత్రం ఒక్క డోసు మీద నమ్మకం పెట్టుకోలేం, దానికి ఐవర్‌మెక్టిన్ కావాలి. డోసు బరువుని బట్టి, కిలోకి 200 మైక్రోగ్రాముల లెక్కన. పరీక్ష తేలకపోయినా మన ప్రాంతపు మనిషికి చాలామంది డాక్టర్లు ముందుగానే ఇచ్చేస్తారు. మీ విశాఖ డాక్టరు చీటీలో ఇది ఉందేమో చూడండి, లేకపోతే ఫోన్ చేసి ఈ ఒక్క మాట అడగండి, మీ అంతట మీరు కొనుక్కోకండి.

రెండోది. టీబీ అన్న డాక్టర్ని తప్పు పట్టక్కర్లేదు, పొట్టలో నీరు, బరువు తగ్గడం చూస్తే మన దేశంలో ఎవరికైనా మొదట తట్టేది అదే. నీటిలో ఏడీఏ తక్కువ, ఈసినోఫిల్స్ నిండుగా, కాబట్టి ఇప్పుడు ఆ వైపు మొగ్గు లేదు. అయినా ఛాతీ ఎక్స్‌రే తీశారా, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉండేదా అన్నది డాక్టరుకి చెప్పాలి, స్టెరాయిడ్ నిద్రపోతున్న టీబీని కూడా లేపుతుంది. షుగర్ ఒకసారి చూపించుకోండి. రక్తంలో ఈసినోఫిల్స్ లెక్క 1,500 దాటి చాలాకాలం ఉంటే గుండె మీద కూడా పడొచ్చు కనక ఎకో (గుండె స్కాన్) ఒకటి తీయిస్తే మంచిది, ముఖ్యంగా ఆయాసం, కాళ్లవాపు ఉంటే.

ఇవి చూసుకోవడానికి నెలలు పట్టవు. చూసుకున్నాక స్టెరాయిడ్ మొదలుపెట్టడానికి భయపడకండి. మామూలుగా రెండు వారాలు పూర్తి డోసు, ఆ తర్వాత కొన్ని వారాలు మెల్లగా తగ్గించడం. పొద్దున్నే టిఫిన్ అయ్యాక వేసుకుంటే నిద్ర అంతగా చెడదు. నొప్పి తగ్గిందని మధ్యలో ఠక్కున ఆపేస్తే ఒంట్లో సొంతంగా తయారయ్యే స్టెరాయిడ్ అప్పటికి నిద్రలో ఉంటుంది కాబట్టి కళ్లు తిరిగి పడిపోవచ్చు, బీపీ పడిపోవచ్చు. వాంతులు ఆగకుండా వచ్చి గ్యాస్ కూడా కిందకి పోకపోతే, పొట్ట రాయిలా అయితే, జ్వరంతో నొప్పి వస్తే, నల్లటి విరేచనం అయితే ఫోరంలో అడగడం కాదు, ఆస్పత్రికి పరుగెత్తాలి.

వంశధార గట్టు (గుణుపురం):

డాక్టరుగారూ చాలా థ్యాంక్స్ అండి. చీటీలో పురుగుల మందు లేదు. రేపు ఫోన్ చేయిస్తాను. రాయగడ అన్నయ్యా, ఆయనకి చిన్నప్పుడు ఆయాసం ఉండేదట, అత్తగారు ఇప్పుడు చెప్పారు, నెబ్యులైజర్ దాకా వెళ్లిందట. డాక్టరు అడిగితే ఏమీ లేదన్నారు ఈయన! తిండి సంగతి ఎవరైనా చెప్పండి. అత్తగారు రోజూ గోధుమ రవ్వ జావ, మజ్జిగ మాత్రమే పెడుతున్నారు, తేలిగ్గా ఉంటుందని.

జయపురం అమ్మ:

అయ్యో, గోధుమా పాలూ, అనుమానించాల్సిన మొదటి రెండూ అవే పెడుతున్నారే!

మా అమ్మాయికి ఇది, ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. తిండి గురించి చెప్తాను కానీ ముందు ఒక మాట. స్టెరాయిడ్ మొదలుపెట్టిన వారమే పథ్యం కూడా మొదలుపెడితే దేనివల్ల తగ్గిందో మీకు ఎప్పటికీ తెలియదు. ఇప్పుడు మనిషి చిక్కిపోయి ఉన్నాడు, ఇప్పుడే అన్నీ మాన్పించకండి. మందుతో నిలదొక్కుకున్నాక, డోసు తగ్గించేటప్పుడు మళ్లీ వస్తే అప్పుడు తిండి సంగతి మొదలుపెట్టండి, అదీ డైటీషియన్‌ని పక్కన పెట్టుకుని. మాకు అలాగే చెప్పారు.

మాన్పించేవి ఆరు రకాలు, పాలు, గోధుమ, గుడ్డు, సోయా, వేరుశెనగ జీడిపప్పు లాంటి పలుకులు, చేపలు రొయ్యలు. ఇవన్నీ ఆరు వారాలు ఆపి, మళ్లీ ఎండోస్కోపీ చేసి, బాగుంటే ఒక్కొక్కటే వెనక్కి తెచ్చుకుంటూ చూడాలి. రెండు ఒకేసారి తెస్తే మళ్లీ మొదటికొస్తాం. ఈ పద్ధతి అన్నవాహికకి వచ్చే ఇలాంటి జబ్బులో బాగా నిరూపించారు, చిన్నపేగు విషయంలో అంత గట్టి ఆధారం లేదని డాక్టరు ముందే చెప్పారు, అయినా మా అమ్మాయికి పనిచేసింది. అలర్జీ ప్యానెల్ అని వేలకు వేలు తీసుకుని రక్తం తీసి వంద రకాల పేర్లు ఇచ్చే పరీక్ష ఉంటుంది చూడండి, అది నమ్మి బియ్యం, టమాటా, వంకాయ అన్నీ మాన్పించినవాళ్లని చూశాను. ఈ జబ్బులో పడనిదేదో ఆ పరీక్షతో సరిగ్గా తేలదు. డబ్బు దండగ.

మనకి అదృష్టం ఏమిటంటే మన తిండి అన్నం మీదే నడుస్తుంది. అన్నం, కందిపప్పు, మినప ఇడ్లీ, చోడి అంబలి, ముఢీ (మరమరాలు), చికెను, దొడ్లో కాసే ఆనపకాయ, బీరకాయ, అరటికాయ ఇవన్నీ ఆ ఆరింటిలో లేవు. చోడి జావని ఇక్కడి ఒడియా వాళ్లు మండియా జావు అంటారు చూడండి, అదే మా అమ్మాయికి పొద్దున్న టిఫిన్. పఖాళ కూడా పెట్టేదాన్ని, పెరుగు కలపకుండా, నీళ్లలో ఊరిన అన్నంలో ఉల్లిపాయ, పచ్చిమిరపకాయతో. కష్టమంతా దాక్కుని ఉన్నవాటితోనే. నేను చాలా రోజులు అన్నీ మానినా తగ్గక తల పట్టుకున్నాను, చివరికి డైటీషియన్ వంటింట్లోని డబ్బాలన్నీ ఫోటోలు తీసి పంపమన్నారు. ఇంగువ డబ్బా వెనక చూస్తే గోధుమ పిండి అని ఉంది! డబ్బాలో వచ్చే ఇంగువలో చాలావాటిలో పిండి కలుపుతారట. సాంబారులో, పులిహోరలో, పచ్చడిలో, రోజూ. బిస్కెట్లలో పాలపొడి, బజార్లో బజ్జీ పిండిలో మైదా కలిపేస్తారు, మీల్‌మేకర్ అంటే సోయాయే, హోటల్ చట్నీలో పుట్నాలతో పాటు వేరుశెనగ. ఛెనాపోడా (పాల విరుగుడుతో చేసే ఒడియా స్వీటు) గురించి అడగకండి, మా అమ్మాయి ఇప్పటికీ దుకాణం ముందు ఆగిపోతుంది.

తిరిగి ఇచ్చినప్పుడు మాకు గుడ్డు, చేప, పలుకులు పడ్డాయి. పాలు పడలేదు. గోధుమ కొంచెం అయితే ఫరవాలేదు. మీకు వేరే ఉండొచ్చు, ఏదీ పట్టించుకోకుండా ఆయన అన్నీ తినేయగలిగే అవకాశమూ ఉంది. పాలు మాన్పిస్తే కాల్షియం సంగతి చూసుకోండి, చోళ్లు, మునగాకు, నువ్వులు పెట్టండి, నువ్వులు కూడా డైటీషియన్‌ని అడిగాకే.

రాయగడ ప్యాసింజర్:

అమ్మగారూ ఇంగువ సంగతి నాకూ తెలియదు, ఇప్పుడే వెళ్లి మా డబ్బా చూశాను, నిజమే.

ఇంకొకటి, పెళ్లిళ్ల సీజన్ వస్తోంది. చుట్టాలు ఒక్క ముద్ద తింటే ఏమవుతుంది అంటారు, వాళ్లకి ఈసినోఫిల్ అంటే ఏమిటో చెప్పే ఓపిక మనకి ఉండదు. నేనైతే పాలు తాగితే ఆస్పత్రి పాలవుతాను అని ఒకే మాట అంటాను, వదిలేస్తారు. ఇక డుపిలుమాబ్ అని ఇంజెక్షన్ గురించి ఇంటర్నెట్లో చదివి కంగారు పడకండి, ఆశ కూడా పెట్టుకోకండి. అమెరికాలో 2022లో దాన్ని అన్నవాహిక జబ్బుకి ఒప్పుకున్నారు, చిన్నపేగుకి కాదు. స్టెరాయిడ్ మానలేకపోతున్నవాళ్లకి రోగనిరోధక శక్తిని అణిచే అజాథయోప్రిన్ లాంటి మందులు ఇస్తారు, అవి తర్వాతి మాట, ఇప్పుడు ఆలోచించక్కర్లేదు.

వంశధార గట్టు (గుణుపురం):

అప్‌డేట్ పెడదామని వచ్చాను. డాక్టరుగారి అసిస్టెంటు ఫోన్లో మాట్లాడారు, పర్లాకిమిడి డాక్టరుగారు చెప్పినట్టే అడిగాం. ముందు మలపరీక్షలు చేయించమన్నారు, ఐవర్‌మెక్టిన్ రాసి పంపారు, ఛాతీ ఎక్స్‌రే, షుగర్, ఎకో తీయించాం, అన్నీ బాగున్నాయి. మల నమూనాల్లో పురుగు కనబడలేదు, అయినా ఆ బిళ్లలు వేసేశాకే స్టెరాయిడ్ మొదలైంది. పొట్ట తగ్గుతోంది! విరేచనాలు ఆగాయి. ఆకలి మాత్రం విపరీతం, రాత్రి పదకొండింటికి లేచి అటుకులు తింటున్నారు. అత్తగారు ఇప్పుడు స్టెరాయిడ్ గురించి మాట్లాడటం లేదు, ఇంట్లో ఉన్న గోధుమ రవ్వంతా మా ఆడపడుచు ఇంటికి పంపేశారు, నేను చెప్పకుండానే!

ఒక్క సందేహం. తగ్గించేటప్పుడు వారం వారం డోసు మారుతుందట. చీటీలో 40 నుంచి 30, 20, 10, 5 అని రాశారు. ఇక్కడ మందుల షాపులో 20 బిళ్లలు తప్ప ఉంచడం లేదు. 20ని నాలుగు ముక్కలు చేసి 5గా వెయ్యొచ్చా?

నౌపడ మందుల షాపు:

వద్దండి. గీత ఉంటే రెండు ముక్కలు సరిగ్గా అవుతాయి, నాలుగు చేస్తే ఒకటి చిన్నదీ ఒకటి పెద్దదీ వస్తుంది, పొడి అయిపోతుంది, చివరి వారాల్లోనే డోసు సరిగ్గా ఉండాలి. 5 మిల్లీగ్రాములవి, 10 మిల్లీగ్రాములవి స్ట్రిప్పులు మామూలుగానే దొరుకుతాయి, మీ షాపువాళ్లకి చీటీ ఫోటో ఇచ్చి ముందే తెప్పించమనండి, వారం పట్టినా మీకు ఇబ్బంది లేదు కదా, ఇంకా 40లోనే ఉన్నారు. వచ్చాక ఒక్కో స్ట్రిప్పు మీద ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అని పెన్నుతో రాసి పెట్టండి. మిగిలిపోయిన 20 బిళ్లలు మాత్రం ఇంట్లో ఉంచకండి, ఎవరికో మోకాలు నొప్పి అని తీసి ఇచ్చేస్తుంటారు.